తిరగబడిన అయిదు దెబ్బలు

2014 జూన్ 3, మంగళవారం

1979లో ఎర్మీనియో కోత్తో నాకు ఒక మాట ఇచ్చాడు. కెల్లీ స్ట్రీట్‌లో మా బిల్డింగు కింద, బాయిలర్ పక్కన, ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని అన్నాడు: "తేయో, ఈ పాట రికార్డయిన రోజున కాంగా డోళ్ళ మీద ఉండేవి నీ చేతులే. ఇంకెవరి చేతులూ ఉండవు." పాట పేరు నేలమాళిగ. ఇద్దరం కలిసి కట్టింది. 1987లో రికార్డయింది. అతను మాట తప్పలేదనే అనాలి. దాంట్లో ఇంకెవరి చేతులూ లేవు. నా కుర్చీలో ఒక డ్రమ్ మెషీన్ ఉంది.

ఇరవై ఏడేళ్ళయింది. కోత్తో వాళ్ళెవరైనా నా తలుపు తడితే మొహాన ఉమ్ముతానని ఈ వీధిలో అందరికీ చెప్పి ఉన్నాను.

ఇవాళ తడితే కాఫీ ఇచ్చాను.

ఎర్మీనియో మనవరాలట. యారెలిస్. ముప్పై ఉండవు. లిఫ్టు పని చెయ్యక నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది, చేతిలో జామపండు ముద్ద పెట్టిన రొట్టెల డబ్బా. గుమ్మంలోనే "దీవించండి దోన్ తేయో" అంది. మా ద్వీపం వాళ్ళు ఎవరింటికి వచ్చినా, వెళ్ళినా పెద్దవాళ్ళని అడిగే మాటే; దోన్ అంటే అయ్యగారు లాంటిది. నోటికి అలవాటైన జవాబు వచ్చేసింది. దేవుడు నిన్ను దీవించుగాక. ఉమ్మడం మర్చిపోయాను.

ఆమె హౌస్ మ్యూజిక్ చేస్తుందట, క్లబ్బుల్లో మెషీన్ తాళం మీద ఎగిరే రకం. లాప్‌టాప్ ఒకటే కాదు, మనుషులు కూడా వాయిస్తారట: బేస్, ఫ్లూట్, తాళవాద్యాలు. తాత అలమరలో ఒక కాసెట్ దొరికిందంది. 1979 రిహార్సల్. అతని ట్రంపెట్, నా కాంగాలు. నేలమాళిగ. దాన్ని ముక్కలు కోసి, లూప్ చేసి, మీద కొత్తది కడుతోంది. ఆగస్టు 17 ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి, క్రొటోనా పార్కులో. "కాంగాలు వాయించడానికి ఇంకెవర్నీ అడగలేదు, అడగను కూడా" అంది. ఆ వంశంలో మాట ఇవ్వడం చాలా తేలిక.

ఆలోచిస్తానన్నాను. ఆమె మెట్లు దిగే లోపే ఆలోచించేశాను.

జూన్ 4

పొద్దున ఏడింటికి నా వేళ్ళు వంగవు. తొమ్మిదింటికి వంగుతాయి. ఈ సంగతి ఆ పిల్లకు చెప్పలేదు.

జూన్ 8, ఆదివారం

పొన్చీన్ క్షౌరశాలకు వెళ్ళాను. వాడికి అప్పటికే తెలుసు. మెడ మీద కత్తి పెట్టి అడుగుతాడు: "ఏరా ముసలోడా, కోత్తో పేరెత్తితే భోజనం మానేసేవాడివి, ఇప్పుడు వాళ్ళ పిల్లతో కచేరీ అంటగా? ఉమ్మి ఎండిపోయిందా?" కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఈ మీసాలు పెట్టుకుని డిస్కోకి వెళ్తే లోపలికి రానిస్తారా అని ఇంకొకడు. డిస్కో కాదురా గాడిదా, హౌస్ అన్నాను. రెంటికీ తేడా ఏమిటో చెప్పమన్నాడు. చెప్పాను. ఎవరూ వినలేదు. ఈ వీధిలో నేనేదైనా వివరించడం మొదలుపెడితే పొన్చీన్ రేడియో పెంచుతాడు.

వాళ్ళు చదవరు. నేను చదువుతాను. రోమ్ చరిత్ర రెండుసార్లు చదివాను, అరబ్బుల సంగీతం గురించి లైబ్రరీలో దొరికిందంతా చదివాను. మా సంగీతం గురించి ఒక ప్రొఫెసర్ రాసిన లావుపాటి పుస్తకం వస్తే ముందు చివరి పేజీల్లో పేర్ల పట్టిక తీశాను. కోత్తో, ఎర్మీనియో: పదకొండు పేజీలు. బార్బోసా, ఎలెయుతేరియో, అంటే నేను: లేడు. ఆ ప్రొఫెసర్ నా వంటింట్లో కూర్చుని మూడు మధ్యాహ్నాలు టేపు రికార్డర్ తిప్పాడు. నేను వేయించిన అరటికాయలు తిన్నాడు. బాగున్నాయని మళ్ళీ అడిగి వేయించుకున్నాడు.

డెబ్బై ఆరేళ్ళు. ఒక్కసారి, ఒక్క ఆదివారం, జనం ముందు ఆ పాట నా చేతులతో వాయించి పోవాలి. ఆ తర్వాత వేళ్ళు వంగకపోయినా పరవాలేదు. ఇంతకు మించి ఏ కోరికా లేదు. ఇది ఎవరికీ చెప్పను.

జూన్ 14, శనివారం, మధ్యాహ్నం

మొదటి రిహార్సల్. సోఫాలు బాగుచేసే యారెలిస్ బాబాయి షెడ్డులో. స్పాంజి ముక్కల మధ్య స్పీకర్లు. బేస్ ఒక అమ్మాయి, ఫ్లూట్ ఒక హైతీ అతను, ఇద్దరూ చెయ్యి తిరిగినవాళ్ళు.

యారెలిస్ లాప్‌టాప్ నొక్కింది. ముందు కింద నుంచి మెషీన్ కొట్టే ఆ గుండె చప్పుడు, ఒకే తూకంలో, నాలుగు, నాలుగు, నాలుగు. 1987లో నేను తిట్టింది దాన్నే. ఇవాళ నా కడుపులోకి దిగింది. దాని మీద టేపు వచ్చింది. ఎర్మీనియో ట్రంపెట్. వెనకాల, దూరంగా, ముప్పై అయిదేళ్ళ కిందటి నా చేతులు. ఎంత బాగా వాయించేవాణ్ణి! ఎవరూ చెప్పలేదేం?

అప్పుడు క్లావే వచ్చింది, మెషీన్‌లోంచి. రెండో దెబ్బకే నాకు తెలిసిపోయింది.

తిరగబడి ఉంది.

జూన్ 14, సాయంత్రం 5

నాకు కోపం వచ్చినప్పుడు వివరంగా రాస్తాను. ఇది ఎవరూ చదవరు, అయినా.

మా సంగీతమంతా అయిదు దెబ్బల మీద నిలబడుతుంది, దాన్నే క్లావే అంటాం. రెండు కర్రలు. ఒక పక్క మూడు దెబ్బలు, రెండో పక్క రెండు. ట్రంపెట్, బేస్, పాట, కాళ్ళు, అన్నీ ఏది మూడు వైపో ఏది రెండు వైపో తెలుసుకుని దానికి తగ్గట్టు నడవాలి. తారుమారైతే ఏ స్వరమూ తప్పు కాదు, ఏ దెబ్బా తప్పు కాదు, మొత్తం తప్పు. కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు.

నేలమాళిగ పాటలో ట్రంపెట్ రెండు దెబ్బల వైపున మొదలవుతుంది. ఎర్మీనియో కావాలనే అలా కట్టాడు. ఆ పిల్ల టేపుని ట్రంపెట్ ఎత్తుకున్న చోట కోసింది, కోసిన చోటే మొదలనుకుంది, అక్కణ్ణుంచి మూడు దెబ్బలు పేర్చింది. కాగితం మీద నేర్చుకున్నవాళ్ళు చేసే తప్పు. చెవితో నేర్చుకున్నవాడు నిద్రలో కూడా చెయ్యడు.

నేను పద్నాలుగేళ్ళప్పుడు చెవితో నేర్చుకున్నాను. ఎర్మీనియో నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆ బాయిలర్ పక్కన నిలబెట్టి, నా మణికట్టు పట్టుకుని, నా వేళ్ళ కణుపులతో గొట్టం మీద అయిదు దెబ్బలు కొట్టించాడు. గొట్టం వేడిగా ఉంది. అది నా లోపలికి దిగేదాకా చెయ్యి వదల్లేదు. దిగింది. మళ్ళీ బయటికి రాలేదు.

"ఎలా ఉంది దోన్ తేయో?" అని అడిగింది ఆ పిల్ల.

ఒక్క మాట చాలు. క్లావేని సగం చుట్టు ముందుకు జరుపమ్మా అంటే చాలు. నిమిషం పని.

బాగుంది అన్నాను.

పార్కులో పాతవాళ్ళంతా ఉంటారు. చెవులున్నవాళ్ళు. కోత్తో పేరు పెట్టుకున్న పిల్ల కోత్తో పాటనే తిరగేసి వాయిస్తుంటే వింటారు. విననీ. పదకొండు పేజీలు.

జూన్ 22

ఎర్మీనియోని చూడ్డానికి రమ్మంది. కాంకోర్స్ వీధిలో వృద్ధుల ఆసుపత్రిలో ఉన్నాడు. పక్షవాతం. మాట పోయింది, కుడి పక్క పోయింది. ఎడమ చెయ్యి మాత్రం రోజంతా మంచం పక్క కమ్మీ మీద కొట్టుకుంటూనే ఉంటుందట. నర్సులు వణుకురోగం అనుకుని మాత్రలు వేశారట. యారెలిస్ వెళ్ళి, "అది జబ్బు కాదమ్మా, క్లావే, మా తాత పనిలో ఉన్నాడు, ఆయన్ని కదిలించకండి" అని దెబ్బలాడి మాన్పించింది. చెప్తూ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

ఆగస్టు పదిహేడున చక్రాల కుర్చీలో పార్కుకి తెస్తుందట.

నేను ఆసుపత్రికి రానన్నాను. మోకాళ్ళు నొప్పులన్నాను. నిజంగానే నొప్పులు.

జూలై 5

ఇప్పటిదాకా ఎక్కడా రాయని సంగతి. ఈ పుస్తకంలో అబద్ధం రాస్తే దీనికి పెట్టిన డాలరు కూడా దండగ.

1987లో ఎర్మీనియో ఆ డ్రమ్ మెషీన్ డబ్బాని నేలమాళిగకు తెచ్చాడు. కుర్రకారు క్లబ్బుల్లో ఏం వింటున్నారో చూశాడు. దీని మీద మనం వాయిద్దాం తేయో, ఇది కింద నడుస్తుంది, పైన మనుషులు వాయిస్తారు, జాజ్ వాళ్ళలా గాలిలో ఎగరొచ్చు, నేల కదలదు అన్నాడు. నన్ను తీసెయ్యాలని అనలేదు. పక్కన పెడదామన్నాడు.

నేను ఒకే మాట అన్నాను. ఈ గదిలో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి. కాంగాలు అక్కడే వదిలేసి మెట్లెక్కి వచ్చేశాను. వెనక్కి పిలుస్తాడనుకున్నాను.

పిలిచాడు. మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి మా ఆవిడ, ఇరాయిదా, రిసీవరు నా చెవి దగ్గర పెట్టి పట్టుకుంది. నేను మాట్లాడలేదు. "రికార్డింగు గురువారం, తేయో" అన్నాడు. గురువారం నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. పోనీ కారు పంపుతాడేమో చూద్దామని.

నాలుగోసారి చెయ్యలేదు. అది నేను క్షమించను.

జూలై 12, శనివారం

అయిదో రిహార్సల్. నా జన్మలో ఇంత బాగా వాయించింది లేదు. ఫ్లూట్ అతను ఎక్కడికో వెళ్ళిపోతాడు, బేస్ అమ్మాయి అతన్ని వెతుక్కుంటూ వెళ్తుంది, నేను ఇద్దరికీ దీపం పట్టుకుంటాను, కింద ఆ గుండె చప్పుడు ఎవరికోసమూ ఆగదు. ఎర్మీనియో అన్నది ఇదే. ఇరవై ఏడేళ్ళు దీనికి దూరంగా కూర్చున్నాను.

అయితే నేను వాయించేది తిరగబడిన క్లావే మీద. మొదటి వారం వెన్నులో నొప్పెట్టింది. ఇప్పుడు పెట్టడం లేదు. తప్పు మీద కూడా సుఖంగా కూర్చోవచ్చని తెలిసింది. భయం వేసింది.

జూలై 26

రిహార్సల్ అయ్యాక యారెలిస్ నన్ను ఒక్కణ్ణే ఆపింది. అందరూ వెళ్ళాక తిన్నగా అడిగింది: "దోన్ తేయో, నా మీద ఒట్టేసి చెప్పండి. ఎక్కడో ఏదో తేడా ఉంది కదూ? మీరు టేపు వినేటప్పుడు ఒక మొహం పెడతారు. తాతకి వినిపించినా అదే మొహం. ఆయన చెప్పలేడు. మీరు చెప్పగలరు."

నా చెయ్యి కాంగా అంచు మీద ఉంది. చర్మం ఇంకా వెచ్చగా ఉంది.

అది నా మామూలు మొహమే అన్నాను.

ఆమె నవ్వేసింది. నా భుజం మీద తల ఆనించింది. "దీవించండి" అంది. దీవించాను.

జూలై 27

ఇరాయిదా బతికి ఉంటే నాకు అన్నం పెట్టేది కాదు.

ఆగస్టు 9, శనివారం

డాక్టరు కుర్రవాడు నా చేతుల ఎక్స్‌రే దీపం ముందు పెట్టాడు. కీళ్ళ మధ్య ఖాళీ లేదు. కాంగాలు ఇంక మానేయాలి, తువ్వాలు పిండుకోవడం కూడా కష్టమవుతుంది అన్నాడు. ఎన్నాళ్ళు అంటే వారాలు అన్నాడు, నెలలు అనలేదు.

అంటే నాకు మిగిలింది ఆ ఒక్క ఆదివారం. దాన్ని నా చేతులతో నేనే తిరగేసి పెట్టుకున్నాను. ఇంటికి వచ్చేదాకా సబ్‌వేలో ఇదే అనుకున్నాను. ఆమెకు చెప్తే అయిపోతుంది. చెప్తే, ఎప్పటినుంచి తెలుసు అంటుంది. ఎనిమిది వారాలు. ఆమె నా భుజం మీద తల పెట్టినప్పుడు కూడా తెలుసు. ఆ తర్వాత నాకు ఆ కుర్చీ ఉంటుందా?

ఫోన్ చేశాను. సందేశం చెప్పమంది ఆమె గొంతు. బీప్ తర్వాత నా ఊపిరి కొంచెం రికార్డయి ఉంటుంది. పెట్టేశాను.

ఆగస్టు 10

చెయ్యలేదు.

ఆగస్టు 13

చెయ్యలేదు. అన్నం సయించడం లేదు.

ఆగస్టు 16

రేపు వేదిక ఎక్కేముందు చెప్తాను.

ఆగస్టు 17, ఆదివారం, సాయంత్రం 6

చెప్పలేదు. ఆమె చుట్టూ వైర్లు, మనుషులు. దూరం నుంచే "దీవించండి!" అని అరిచింది. చెయ్యి ఊపాను.

ఎండ మండిపోతోంది. పందిమాంసం కాలుతున్న పొగ. పార్కు నిండా జనం: పిల్లలు, చొక్కాలు విప్పేసిన కుర్రాళ్ళు, తెల్ల టోపీల పాతవాళ్ళు, వాళ్ళ భార్యలు మెరుపు చెప్పులతో. ముందు వరసలో పొన్చీన్, విసనకర్రతో. "ముసలోడా, కింద పడితే మేం ఎత్తం!" అని కేకేశాడు. పక్కన చక్రాల కుర్చీ.

ఇరవై ఏడేళ్ళ తర్వాత చూశాను. ఇంత చిన్న మనిషి అయిపోయాడు. ఎవరో నెత్తిన కాగితం టోపీ పెట్టారు.

నేలమాళిగ మొదలైంది. గుండె చప్పుడు, టేపు, క్లావే. నేను తొమ్మిది వారాలు నేర్చుకున్నట్టే తప్పు మీద సుఖంగా వాయించాను. కుర్రకారు ఎగిరారు. వాళ్ళకు గుండె చప్పుడు చాలు. తెల్ల టోపీల వాళ్ళు నాలుగడుగులు వేసి ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ ఆగారు. ఎందుకో వాళ్ళకు తెలియదు, ఎండ అనుకున్నారు, చెట్ల నీడకు పోయారు. నేను కోరుకున్నది ఇదే. జరుగుతోంది. నోరంతా చేదుగా ఉంది.

అప్పుడు అతని ఎడమ చెయ్యి చూశాను.

కుర్చీ చేతి మీద కొడుతున్నాడు. రెండు. మూడు. రెండు. మూడు. సరైన వైపు. అంత పెద్ద స్పీకర్లకు ఎదురుగా, ఒక్కడూ, ఒక్క చేత్తో, ఒక్కసారి కూడా జారకుండా. నా వైపే చూస్తున్నాడు. మాట పోయిన మనిషి. గొట్టం దగ్గర నా మణికట్టు పట్టుకున్నప్పుడు కూడా ఇలాగే చూశాడు.

నా చేతులు నేను చెప్పకుండానే తిరిగాయి. సగం చుట్టు వదిలేసి అతని చెయ్యి మీద దిగాను. టేపులో ముప్పై అయిదేళ్ళ కిందటి నా చేతులు అక్కడే ఉన్నాయి, కలిశాయి. ముగ్గురం ఒకటయ్యాం: అతను, నేను, అప్పటి నేను. మనుషులు కట్టే బ్యాండయితే ఇంతసేపట్లో అందరూ తిరిగేవాళ్ళు. ఒకడు సరైన చోట గట్టిగా నిలబడితే మిగతావాళ్ళు సగం చుట్టు వదిలి వచ్చి చేరతారు, ఏమీ జరగనట్టు నవ్వుకుంటారు. మెషీన్ చేరదు. బేస్ అమ్మాయి నా వైపు, లాప్‌టాప్ వైపు, మళ్ళీ నా వైపు చూసి మెషీన్‌తోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి తప్పేముంది? అందరికీ వినపడింది ఒకటే: కాంగాల ముసలాయన తాళం తప్పాడు.

ముందు వరసలో ఒక కుర్రాడు చెవులు మూసుకుని నవ్వాడు. "అయ్యో పాపం, పెద్దాయన" అని ఒక ఆడమనిషి అంది. పొన్చీన్ విసనకర్ర ఆపేశాడు. వాడు నవ్వలేదు. అది అన్నిటికంటే కష్టంగా ఉంది.

యారెలిస్ నన్ను చూసింది. జాలిగా చూసింది. తర్వాత ఆమె వేలు మెల్లగా మీట కిందికి జరపడం నేను చూశాను. స్పీకర్లలోంచి నా కాంగాలు వెళ్ళిపోయాయి.

నేను ఆపలేదు. నాకు, అతనికి మాత్రమే వినపడేలా చివరిదాకా వాయించాను. ఇప్పుడు కలం పట్టుకోవడానికి రెండు చేతులు కావాల్సి వచ్చింది.

ఆగస్టు 19, మంగళవారం

యారెలిస్ వచ్చింది. రొట్టెలు లేవు.

ఆదివారం నుంచి తాత చెయ్యి రాత్రిళ్ళు కూడా ఆగలేదట. నిన్న మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుందట. పాట పెట్టింది. అతని చెయ్యి ఎదురు కొట్టింది. ఏమనిపించిందో, క్లావేని సగం చుట్టు జరిపింది. అతని చెయ్యి, పాట కలిసిపోయాయి. రెండు నిమిషాలు కొట్టి చెయ్యి దుప్పటి మీద పెట్టేశాడట. నెలల తర్వాత మొదటిసారి. నిద్రపోయాడట.

నిలబడే అడిగింది: "ఆదివారం మీరు తప్పలేదు. మేం తప్పాం. మీకు ఎప్పటినుంచి తెలుసు?"

జూన్ 14 అన్నాను.

"నేను అడిగాను. ఒట్టేసి చెప్పమన్నాను. ఇంకేం చెయ్యాలి దోన్ తేయో, కాళ్ళు పట్టుకోవాలా?"

ప్రొఫెసర్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆగిపోయాను. "మా తాత మీకేం చేశాడో నాకు తెలియదు. నేనేం చేశాను?" అంది. ఇన్ని పుస్తకాలు చదివాను, ఒక్క వాక్యం దొరకలేదు.

వెళ్ళేటప్పుడు దీవించమని అడగలేదు. మెట్ల చప్పుడు కిందిదాకా విన్నాను. నాలుగో అంతస్తు నుంచే నాలో నేను అనుకున్నాను, దేవుడు నిన్ను దీవించుగాక. అడగని వాళ్ళకు అది చేరుతుందో లేదో ఏ పుస్తకంలోనూ లేదు.

సెప్టెంబరు 6

ఉత్తరం వచ్చింది, మర్యాదగా. నేలమాళిగ సరిచేసి రికార్డు చేస్తోంది. నన్ను శ్రమ పెట్టదట. టేపులోని నా కాంగాలు శుభ్రం చేస్తే చక్కగా వినపడుతున్నాయట, అవి చాలట. నా పేరు వేస్తుందట.

మూడుసార్లు చదివాను. ఈసారి నా కుర్చీలో మెషీన్ లేదు. నలభై ఒక్క ఏళ్ళ నేను కూర్చున్నాను. వాణ్ణి ఏమని తిట్టను?

అన్నీ నా చేతులే. ఇంకెవరి చేతులూ లేవు.

అక్టోబరు 11

రికార్డు వచ్చింది. ఒక్కసారి విన్నాను. మొదటి దెబ్బ నుంచి చివరిదాకా సరిగ్గా ఉంది.

పుస్తకంలో ఖాళీ పేజీ తీసి, తప్పు ఎవరిదో రాశాను. మెషీన్. కొట్టేశాను. ప్రొఫెసర్. కొట్టేశాను. ఆ పిల్ల. అసలు రాయకూడదు, కొట్టేశాను. నా పేరు రాశాను. దాన్ని కొట్టెయ్యలేదు, అలా అని అక్కడే ఆగలేదు. ఆ తిరగబడటం నాకు వినపడి ఉండకపోతే జూన్‌లో హాయిగా వాయించి, ఆగస్టులో చప్పట్లు కొట్టించుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. వేడి గొట్టం దగ్గర నిలబెట్టి, అది నా లోపలికి దిగేదాకా చెయ్యి వదలని వాడొకడున్నాడు. నా పేరు కింద అతని పేరు కూడా రాశాను.

ఎర్మీనియో కోత్తో.